వ్యాజలైనా, కోటింగా, ఎరేజరా: మన తేమకి మదర్‌బోర్డుని కాపాడేది ఏది?

డ్రై ఐస్‌తోనో లిక్విడ్ నైట్రోజన్‌తోనో ప్రాసెసర్‌ని చల్లబరిచి, దాని మామూలు వేగాన్ని మించి పరుగెత్తించే ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టే కుర్రాళ్ళు భీమవరం నుంచీ, అమలాపురం నుంచీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: బోర్డుకి వ్యాజలైన్ పుయ్యాలా, కోటింగ్ కొట్టాలా, ఎరేజర్ అద్దాలా? వీడియోల్లో చూస్తే మూడూ బాగానే పనిచేస్తున్నట్టుంటాయి. కానీ ఆ వీడియోలు తీసినవాళ్ళ గదిలో గాలి వేరు, మన గాలి వేరు.

32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ: కోనసీమలో ఇది మామూలు సాయంత్రమే. ఆ గాలికి డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీళ్ళుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 27 డిగ్రీలు. బోర్డు మీద ఏ భాగమైనా అంతకన్నా కాస్త చల్లబడితే చాలు, చెమట పట్టేస్తుంది. మనం పెట్టేదేమో మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్, లేకపోతే మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్. ఏసీ వేసుకుంటే సరిపోదా అంటారు. గది 24 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే డ్యూ పాయింట్ 13కి దిగుతుంది, నిజమే. కానీ లీటరు నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. తలుపులు బిగించుకుని కూర్చుంటే ఆక్సిజన్ తగ్గిపోయి మనిషే పడిపోతాడు. కిటికీ తెరవక తప్పదు, తెరిస్తే చెరువుల మీది గాలంతా లోపలికి వస్తుంది. అందుకని ఏసీని లెక్కలోంచి తీసెయ్యండి.

కన్‌ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద కొట్టే పల్చని వార్నిష్ లాంటి పొర) చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఒకసారి కొడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, రోజువారీ వాడకానికీ అడ్డం రాదు. ఒకే బోర్డుతో మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళకి ఇది నయమని నేనూ ఒప్పుకుంటాను. చిక్కల్లా కొట్టే రోజుతోనే. అక్రిలిక్ కోటింగ్‌లో సాల్వెంట్ ఎగిరిపోతూ పైపొరని చల్లబరుస్తుంది. ముసురు పట్టిన రోజైతే ఆ చల్లదనానికే తేమ దిగి, పొర పాలిపోయినట్టు తెల్లబడుతుంది. తలుపులకి పాలిష్ కొట్టే మేస్త్రీలకి ఈ సంగతి బాగా తెలుసు, వానాకాలం ఆ పని వాయిదా వేస్తారు. పైగా ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో, ర్యామ్ స్లాట్లలో కోటింగ్ పడకూడదు, టేప్ వేసి కాపాడాలి. అంటే చలి ఎక్కువగా తగిలే చోటే కాపలా లేదన్నమాట. అన్నిటికీ మించి, కోటింగ్ నీళ్ళు లోపలికి దిగకుండా ఆపుతుందే తప్ప నీళ్ళు పట్టకుండా ఆపదు.

నా ఓటు వ్యాజలైన్‌కే. కారణం గాలి. గాలి తగలని చోట చెమట పట్టదు. స్ప్లిట్ ఏసీ రాగి పైపుకి చుట్టిన నల్ల ఫోమ్ ఎక్కడ చిరిగితే అక్కడే నీళ్ళు కారడం మన ఇళ్ళలో చూస్తూనే ఉన్నాం. వ్యాజలైన్ కెపాసిటర్ల సందుల్లోకి, చోక్‌ల పక్కకి, పిన్నుల మధ్యకి దూరి గాలికి చోటు లేకుండా చేస్తుంది. ఆరాల్సిన పని లేదు కాబట్టి ముసురైనా ఒకటే. చిన్న బ్రష్‌తో ముందు సందుల్లోకి ఒత్తండి, తర్వాత పైన మందంగా పరవండి. ర్యామ్ స్లాట్ల చుట్టూ, మొదటి గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్ చుట్టూ పూయాలి. సాకెట్ లోపల నింపేవాళ్ళు కూడా ఉన్నారు. వ్యాజలైన్ కరెంటుని పారనివ్వదు కాబట్టి షార్ట్ అవదు, పిన్ను ఒత్తిడికి పక్కకి జరిగిపోతుంది కాబట్టి కనెక్షన్‌కీ అడ్డం రాదు. చాలామంది మర్చిపోయేది బోర్డు వెనక వైపు: చలి రాగి పొరల్లోంచి అటూ పాకుతుంది, సాకెట్ వెనకా ముందువైపంత మందంగానే పూయాలి. పైన ఆ ఏసీ నల్ల ఫోమే, పాట్‌కి (ప్రాసెసర్ మీద నిలబెట్టి డ్రై ఐసో నైట్రోజనో వేసే లోహపు గిన్నె) బిగుతుగా పట్టేలా కోసి వెయ్యండి.

అసలు గండం ఆట అయ్యాక మొదలవుతుంది. నైట్రోజన్ పోస్తున్నంతసేపూ దాని పొడి ఆవిరి బోర్డు మీదుగా దిగుతూ తేమగాలిని కొంత పక్కకి నెడుతుంది. పోయడం ఆపగానే ఆ తెర పోతుంది, పాట్ మాత్రం ఇంకా మైనస్‌లోనే ఉంటుంది. మంచు పేరుకుంటుంది, తర్వాత కరిగి కారుతుంది. అప్పుడు కంప్యూటర్ ఆఫ్ చేస్తే చాలదు, సప్లై వైరు పీకాలి. లేకపోతే 5 వోల్ట్‌ల స్టాండ్‌బై కరెంటు బోర్డులో ఉంటూనే ఉంటుంది. తడి మీద అది ఉంటే రాగిని తినేస్తుంది. బోర్డు మీది బ్యాటరీ కూడా తీసేయండి. ఆ తర్వాతే హెయిర్ డ్రైయర్.

వ్యాజలైన్‌తో తలనొప్పి శుభ్రం చేయడమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్కదానితో వదలదు. డ్రైయర్‌తో వేడిచేసి, కరిగి కారేదాన్ని గుడ్డతో పట్టుకుంటూ తుడవాలి. అయినా స్లాట్లలో కొంత మిగులుతుంది, దుమ్ము దానికే అంటుకుంటుంది. అమ్ముకోవాలనుకునే బోర్డుకి ఇది వద్దు.

నెయిల్ పాలిష్ చిన్న చోట్లకి పనికొస్తుందిగానీ బోర్డంతా దానితో కుదరదు. పూస్తే ఆరి రబ్బరు పొరలా మారే లిక్విడ్ టేప్ పీకేటప్పుడు చిన్న కెపాసిటర్లు ఊడివచ్చే ప్రమాదం ఉంది, నేనైతే జోలికి పోను.

బొమ్మలు వేసేవాళ్ళు వాడే పిసికే ఎరేజర్ సంగతి వేరు. వ్యాజలైన్ దూరినంత బాగా ఇది సందుల్లోకి దూరదు, చలికి గట్టిపడి అంచుల్లో లేస్తుంది కూడా. కానీ డ్రై ఐస్‌తో గంటో రెండు గంటలో ఆడటానికి, అందులోనూ బోర్డు స్నేహితుడిదైతే, అదే పెట్టండి. ఆట అవగానే ముద్దలుగా ఊడివస్తుంది. కొత్తది కొనుక్కోండి, పెన్సిల్ గీతలు చెరిపిన పాతదానిలో గ్రాఫైట్ ఉంటుంది, దాంట్లోంచి కరెంటు పారుతుంది.