నెల్లూరు ఫర్నిచర్ షాపుకు సరుకు ఎక్కడ కొనాలి: బెంగళూరా, ఫోషానా, జోధ్‌పూరా?

నెల్లూరులోనో ఒంగోలులోనో ఓ మోస్తరు ఫర్నిచర్ షాపు నడిపేవాళ్లకు ఏదో ఒక ఏడాది విసుగొస్తుంది. ఏజెంటు వాట్సాప్‌లో పంపే ఫొటోలు చూసి ఆర్డరు పెట్టడం, ఎదురు షాపులో కూడా అదే డబుల్ కాట్ కనబడటం, ఆపైన రేటు దగ్గర కొట్లాట. ఈసారి మనమే వెళ్లి కళ్లారా చూసి కొందాం అనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బెంగళూరు ఎగ్జిబిషన్‌కు పొమ్మని ఒకరంటే, చైనాలోని ఫోషాన్ పొమ్మని ఇంకొకరు, జోధ్‌పూర్‌లో ఫ్యాక్టరీలు తిరిగి రమ్మని మరొకరు.

మూడింటినీ తూచడానికి నేను పెట్టుకున్న లెక్క ఇది: అమ్మిన మంచం కస్టమర్ ఇంట్లో ఒక వానాకాలం గడిపాక మనకు ఎంత మిగిలింది? స్టాల్ దగ్గర చెప్పిన రేటు ఈ లెక్కలో చిన్న ముక్క. నెల్లూరు వైపు వానలు గట్టిగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెల ఎండకు కుంచించుకుపోయిన కర్ర నవంబరు ముసురుకు ఉబ్బుతుంది. "ఏందన్నా, సొరుగు బిగుసుకుపోయింది, లాగితే పిడి చేతికొచ్చింది" అని ఫోన్లు మొదలయ్యేది అప్పుడే. ఆ ఫోను వస్తే ఎవరు వెళ్తారు, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్నది తేలకుండా ఏ ఊరి సరుకు చౌకో చెప్పలేం.

బెంగళూరు: చూడటానికి మంచిది

ఇండియావుడ్ అనే ఎగ్జిబిషన్ సరి సంఖ్య ఏళ్లలో బెంగళూరు తుమకూరు రోడ్డు మీది బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 22 నుంచి 26 వరకు జరిగింది. బేసి ఏళ్లలో అదే నిర్వాహకులు గ్రేటర్ నోయిడాలో ఢిల్లీవుడ్ పెడతారు. మనకు బెంగళూరే దగ్గర. ఒంగోలువాళ్లయినా నెల్లూరువాళ్లయినా శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. 2024 నవంబరులో బీఐఈసీ దగ్గరి మాదావర దాకా మెట్రో వచ్చాక ఊరు దాటే ట్రాఫిక్ టెన్షన్ కూడా పోయింది.

అయితే షాపు యజమాని ఊహించుకునేది ఒకటి, అక్కడ కనబడేది ఒకటి. సోఫాలు, మంచాలు వరుసగా పేర్చి "తీసుకోండి సార్" అనే చోటు కాదది. ప్యానెల్ కోసే రంపాలు, ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్లు, సీఎన్‌సీ రూటర్లు, ప్లై, లామినేట్లు, కీళ్లు, చానళ్లు, జిగురు, ఫోము. అంటే ఫర్నిచర్ తయారుచేసేవాళ్లకు కావలసినవి. తయారైన సరుకు కోసం వెళ్లినవాళ్లకు మధ్యాహ్నానికి కాళ్ల నొప్పులు, చేతిలో కేటలాగుల సంచి మిగులుతాయి.

అయినా ఒకసారి వెళ్లమనే చెబుతాను, వేరే పని మీద. మనం అమ్మే వస్తువు కడుపులో ఏముందో అంత వివరంగా ఇంకెక్కడా కనబడదు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, తేమను ఎక్కువ తట్టుకునేలా చేసిన హెచ్‌డీహెచ్ఎంఆర్ బోర్డు ముక్కలు పక్కపక్కన పెడతారు. అడిగితే శాంపిల్ ఇస్తారు. ఆ మూడూ లాడ్జిలో రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున చూస్తే, నవంబరులో ఏ వార్డ్‌రోబ్ గతి ఏమవుతుందో తెలిసిపోతుంది. ఐఎస్ 303 మార్కు మామూలు ప్లై, నీటిని తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై చేతిలో పట్టుకుని తేడా అడగొచ్చు. రిక్లైనర్ కింద ఉండే ఇనుప మెకానిజం, స్టోరేజీ మంచాన్ని పైకి లేపే గ్యాస్ పంపు ఎవరు చేస్తారో, విడిగా ఎంతకిస్తారో అక్కడ తెలుస్తుంది. ఆ ఫోన్ నంబర్లే ఈ ప్రయాణానికి అసలు లాభం. రేపు ఎవరి దగ్గర సోఫా కొన్నా, పంపు పోతే మార్చేది మనమే.

మీకు సొంత వర్క్‌షాపు ఉండి, మాడ్యులర్ వార్డ్‌రోబ్‌లు, కిచెన్లు చేసే ఆలోచన ఉంటే మాత్రం ఈ పోలికంతా పక్కనపెట్టి బెంగళూరే వెళ్లండి.

తయారైన కర్ర ఫర్నిచర్ ఎగ్జిబిషన్‌లోనే చూడాలంటే గ్రేటర్ నోయిడాలో ఏటా రెండుసార్లు జరిగే ఐహెచ్‌జీఎఫ్ ఢిల్లీ ఫెయిర్ ఉంది. అది ప్రధానంగా విదేశీ కొనుగోలుదార్ల కోసం పెట్టింది. డిజైన్లూ వాళ్ల అభిరుచికే ఉంటాయి. కొత్త కర్రను గీకి, రంగు లేచిపోయినట్టు చేసి, దాన్నే ఎక్కువ రేటుకు అమ్ముతారు. మన దగ్గర కొత్త కోడలి సారెలో అలాంటి మంచం పెడితే వియ్యాలవారితో పెద్ద గొడవే.

ఫోషాన్: లెక్క కుదిరితేనే

చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఏటా మార్చిలో సీఐఎఫ్ఎఫ్ అనే ఫర్నిచర్ ఎగ్జిబిషన్ జరుగుతుంది. రెండు విడతల్లో మొదటిది ఇంటి ఫర్నిచర్‌ది. పక్కనే ఫోషాన్, అందులో లెకాంగ్ మార్కెట్. ఎగ్జిబిషన్ చూసి, మార్కెట్ తిరిగి, వీలైతే ఫ్యాక్టరీకి వెళ్లి ఆర్డరు పెట్టి రావడం చాలామంది చేసే పని. రకాల విషయంలో దానితో పోటీపడే చోటు లేదు, ఒప్పుకోవాల్సిందే.

తకరారు కంటైనర్‌తో వస్తుంది. 40 అడుగుల హైక్యూబ్ (ఎత్తు ఎక్కువుండే) కంటైనర్ లోపల 76 క్యూబిక్ మీటర్లు అని చెబుతారు. పెట్టెలు సర్దితే నిజంగా పట్టేది 68 దాకా. బిగించేసిన సోఫా సెట్టు ఒక్కటే మూడు క్యూబిక్ మీటర్లు తింటుంది. అంటే ఇరవై చిల్లర సెట్లతో కంటైనర్ నిండిపోతుంది. సగం గాలికి ఓడ కిరాయి కడుతున్నట్టు లెక్క. అదే విడదీసి పెట్టెలో పెట్టే డైనింగ్ టేబుళ్లు, ఆఫీసు కుర్చీలు, టీవీ యూనిట్లు అయితే ఒక్కో వస్తువు మీద కిరాయి బాగా తగ్గుతుంది. అందుకే చైనా నుంచి సోఫా తేవడం నాకు ఎప్పుడూ దండగగానే కనబడుతుంది. ఫోము, రెక్సిన్, చట్రం, కుట్టేవాడు, అన్నీ ఇక్కడే దొరికే వస్తువు అది.

ఓడ కిరాయి కాక, ఫర్నిచర్ మీద కస్టమ్స్ సుంకం, సెస్సులు కలిపి పాతిక శాతం చుట్టుపక్కల ఉంటాయి. పైన 18 శాతం ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్‌టీ. ఐజీఎస్‌టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది గానీ ముందు చేతి నుంచి కట్టాలి. డబ్బు పద్ధతి మామూలుగా 30 శాతం అడ్వాన్సు, మిగతాది ఓడకెక్కిన కాగితాలు చూపించినప్పుడు. సరుకు మన కళ్లబడే ముందే మొత్తం కట్టేసినట్టు. కృష్ణపట్నం రేవు మన ఇంటి పక్కనే ఉన్నా, ఫర్నిచర్ కంటైనర్ కోసం చూడాల్సింది చెన్నై వైపే. అక్కడి నుంచి నెల్లూరు 175 కిలోమీటర్లు, ఒంగోలు ఇంకో 120.

ఇంకో మెలిక ఉంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం కుర్చీలు, బల్లలు, మంచాలు, స్టోరేజీ యూనిట్ల మీద క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ప్రకటించింది. అది వర్తించే వస్తువుకు ఐఎస్ఐ మార్కు ఉండాలి. ఇలాంటి ఆర్డర్ల గడువులు, మినహాయింపులు మారుతూ ఉంటాయి. అందుకని స్టాల్ దగ్గర అడ్వాన్సు కట్టకముందే చెన్నైలో మీ కస్టమ్స్ ఏజెంటుకు ఫోన్ చేసి, ఫలానా వస్తువు ఈ రోజున దిగుతుందా అని అడగండి. చైనావాడు "నో ప్రాబ్లమ్" అంటాడు. వాడికి ప్రాబ్లమ్ లేదు నిజమే.

టైమింగ్ కూడా మనకు కలిసిరాదు. మార్చిలో ఆర్డరు పెడితే తయారీకి నెలా నెలన్నర, ఓడకు రెండు మూడు వారాలు, రేవులో క్లియరెన్స్. సరుకు గోడౌన్‌కు వచ్చేసరికి వైశాఖం పెళ్లిళ్లు అయిపోయి ఆషాఢం గుమ్మంలో ఉంటుంది. శ్రావణం వచ్చేదాకా గోడౌన్ అద్దె, బ్యాంకు వడ్డీ మనవే.

చైనాకే వెళ్లాలని నిర్ణయించుకుంటే ఒక్క పని తప్పక చేయండి. ఆర్డరులోనే విడిభాగాలు రాయించుకోండి: కీళ్లు, కాళ్లు, స్క్రూ ప్యాకెట్లు, అదే రంగు టచప్ డబ్బాలు. తర్వాత ఒక్క కీలు తెప్పించుకోవడం కూడా కష్టం. డైనింగ్ టేబుల్ మీది రాతి పలక మాత్రం అక్కడి నుంచి తేవద్దు. బరువు, దారిలో పగులుతుందన్న భయం. చీమకుర్తి మన దగ్గరే ఉంది. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ వెళ్లేదే అక్కడి నుంచి. కాళ్ల స్టాండు అక్కడిది, పలక ఇక్కడిది చేసుకుంటే పగిలినా రెండు రోజుల్లో కొత్తది వస్తుంది. "మన చీమకుర్తి రాయమ్మా" అంటే కస్టమర్‌కూ ఓ ముచ్చట.

జోధ్‌పూర్: తిరిగినంత లాభం

నా ఓటు దీనికే. స్టాల్ లేదు, రంగు లైట్లు లేవు. బోరనాడా, బాస్నీ పారిశ్రామిక వాడల్లో ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకి తిరగాలి. షీషం, మామిడి, తుమ్మ కర్రతో మంచాలు, డైనింగ్ సెట్లు, సోఫా చట్రాలు చేస్తారు. మామిడి, తుమ్మ విదేశాలకు బాగా పోతాయి గానీ మన దగ్గర ఆ పేరు చెప్పగానే బేరం చెడుతుంది. మామిడి పలకలు సెంట్రింగ్‌కు వాడటం చూసినవాళ్లు దాంతో చేసిన మంచానికి ముప్పై వేలు ఎందుకిస్తారు? షీషం ఒక్కటే టేకు పక్కన నిలబడి మాట్లాడగలదు.

ఎగ్జిబిషన్‌లో వస్తువు పై భాగం చూస్తాం. ఫ్యాక్టరీలో తయారీ మధ్యలో ఉన్నది చూస్తాం. అక్కడే అసలు గుట్టు. పాలిష్ వేయని మంచం అడ్డపట్టీ తిప్పి చూడండి. తెల్లగా ఉన్న భాగం చేవ లేని కర్ర. రంగు కొడితే కలిసిపోతుంది గానీ పుచ్చు పురుగు పట్టేది దానికే. మన కస్టమర్ ఇంట్లో మంచం కింద పిండి రాలడం మొదలైతే, ఆ వీధిలో ఇంకో మంచం అమ్మలేం. వెనక పలక ఏ ప్లైతో వేశారో, సొరుగు అడుగున ఏముందో చూడండి. కర్రను బట్టీలో ఆరబెడుతున్నారా, ఎండలో పెట్టి సరిపెడుతున్నారా అడగండి. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వేలల్లో వస్తుంది. జేబులో పెట్టుకెళ్లి నాలుగు చోట్ల గుచ్చి చూస్తే 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. పచ్చి కర్ర అయితే మన వేసవికి జాయింట్లు విచ్చుకుంటాయి.

ఇక్కడే మన జిల్లాలవాళ్లు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. జోధ్‌పూర్ ఎడారి అంచు ఊరు. ఆ పొడి గాలిలో సొరుగు గీత కూడా పట్టనంత బిగువుగా కూర్చోబెడతారు, అది వాళ్ల పనితనం. అదే సొరుగు కావలి దగ్గరి సముద్రపు గాలికి వచ్చి ఉబ్బితే కదలదు. "మాది సముద్రం ఒడ్డు, సొరుగుకు, తలుపుకు కాస్త సందు వదలండి, లోపలివైపు కూడా సీలర్ కొట్టండి" అని ఆర్డరు కాగితం మీద రాయించాలి. ఈ మాట ఫొటో చూసి ఆర్డరు పెడితే కుదరదు. ఎదురుగా మిస్త్రీకి సొరుగు లాగి చూపించి చెప్పాలి. ప్రయాణం ఖర్చు ఈ ఒక్క దాంతోనే తిరిగొస్తుందంటాను.

ఇబ్బందులు లేకపోలేదు. దూరం. హిందీ రాకపోతే కష్టం. లారీ నింపేంత ఆర్డరు లేకపోతే పార్ట్ లోడులో సరుకు మధ్య ఊళ్లలో దిగి ఎక్కి మూలలు దెబ్బతింటాయి. పక్క షాపువాళ్లతో కలిసి లారీ మాట్లాడుకుంటే మేలు, డిజైన్లు వేరువేరుగా పంచుకునేట్టయితే. అప్పు విషయంలోనూ పాత పద్ధతి చెల్లదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా, 45 రోజులు దాటి ఆ ఆర్థిక సంవత్సరంలో డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపలేం. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. మూడు నెలల అరువు ఇస్తామన్నా ఆడిటర్‌ను అడగకుండా ఊ అనొద్దు.

చిన్న షాపులకు

కనిగిరిలోనో పొదిలిలోనో ఒక షట్టరు షాపు అయితే ఈ మూడూ వద్దు. చిన్న వ్యాపారులు అమ్మకం మీద నిర్ణీత శాతం పన్ను కట్టే జీఎస్‌టీ కాంపోజిషన్ స్కీములో ఉంటే కొనుగోలు మీద కట్టిన 18 శాతం క్రెడిట్ రాదు, నేరుగా ధరలో కలిసిపోతుంది. చెన్నైలో దిగుమతి చేసేవాళ్ల దగ్గర, విజయవాడ హోల్‌సేల్‌లో నాలుగు నాలుగు తెచ్చుకోవడమే నయం. రేటు ఎక్కువే. విరిగింది వెనక్కి తీసుకుంటారు కాబట్టి ఆ ఎక్కువ ఇవ్వొచ్చు.

నెల్లూరు, ఒంగోలు స్థాయి షాపుకు నేను చెప్పేది ఇలా: మంచాలు, డైనింగ్ సెట్లు జోధ్‌పూర్ నుంచి, సోఫాలు ఊళ్లోనే కట్టించి, ఆఫీసు కుర్చీలు చెన్నై దిగుమతిదారు దగ్గర. రెండేళ్లకోసారి బెంగళూరు వెళ్లి విడిభాగాల నంబర్లు తెచ్చుకోవడం. చైనా సంగతి ఏడాదికి ఒక కంటైనర్ పూర్తిగా అమ్ముడయ్యే రకం ఏదో మీ బిల్లు పుస్తకంలోనే కనబడినప్పుడు.

జోధ్‌పూర్‌కు భాద్రపదంలో వెళ్లండి. ముహూర్తాలు ఉండవు కాబట్టి షాపు వదిలి నాలుగు రోజులు తిరగొచ్చు. సరుకు డిసెంబరులో తయారైనా లారీని జనవరి మొదటి వారం దాకా ఆపించండి. తుపాన్లు దాటాక గోడౌన్‌లో దిగుతుంది, మాఘం పెళ్లిళ్లకు షోరూమ్‌లో ఉంటుంది. తాడు, పట్టా కట్టిన లారీ పంపుతామంటే ఒప్పుకోకుండా మూసిన కంటైనర్ లారీయే అడగండి.