దేశానికో రెజ్యూమె రాసిచ్చే ఆన్‌లైన్ సేవ: నాలుగు ప్రతులపై నా సమీక్ష

విదేశాల్లో ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవారికి ఏ దేశ పద్ధతికి తగ్గట్టు ఆ దేశపు రెజ్యూమె తయారుచేసి ఇస్తామని ప్రకటించుకున్న ఒక ఆన్‌లైన్ సంస్థ నుంచి నేను నాలుగు ప్రతులు తీసుకున్నాను. ఒకటి అమెరికా కంపెనీకి, ఒకటి అమెరికా విశ్వవిద్యాలయానికి, మిగిలిన రెండు జర్మనీకి, జపాన్‌కు. వీటిలో మొదటిది చాలా బాగుంది, జర్మనీ ప్రతి ఫరవాలేదు, తక్కిన రెండూ నాకు పనికిరాలేదు.

అమెరికా కంపెనీ కోసం చేసిన రెజ్యూమె ఒక్క పేజీలో ముగిసింది. నా పాత బయోడేటాలో ఉన్న ఫొటో, పుట్టిన తేదీ, వైవాహిక స్థితి తీసివేసి, కారణం కూడా పక్కన రాశారు. 1964 నాటి పౌరహక్కుల చట్టం, 40 ఏళ్ళు, అంతకు పైబడినవారికి రక్షణనిచ్చే 1967 నాటి చట్టం ఉన్నందువల్ల, వివక్ష చూపారన్న మాట రాకుండా అక్కడి యాజమాన్యాలు ఆ వివరాలు తమ కంటపడకపోవడమే మేలనుకుంటాయి. "ప్రయోగశాల బాధ్యతలు చూశాను" అన్న నా వాక్యాన్ని, వారానికి ఎన్ని నమూనాలు పరీక్షించానో నన్ను అడిగి తెలుసుకుని మరీ తిరగరాశారు. ఈ శ్రద్ధ మెచ్చుకోదగినది.

విశ్వవిద్యాలయపు ప్రతిలో అసలు చిక్కు సీవీ అన్న మాట దగ్గర వచ్చింది. బ్రిటన్‌లో దాదాపు ఏ ఉద్యోగానికైనా పంపే, సాధారణంగా రెండు పేజీలకు మించని పత్రాన్ని సీవీ అంటారు. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు: ప్రచురణలు, బోధన, పరిశోధన నిధులు, సదస్సుల్లో ప్రసంగాలు అన్నీ వరుసగా చూపే విద్యారంగపు పూర్తి చరిత్ర అది, అనుభవంతోపాటు పేజీలూ పెరుగుతాయి. ఈ తేడా తెలియని రచయిత చేతిలో పడి నా 14 పరిశోధన వ్యాసాలు మూడుకు తగ్గి, పత్రం రెండు పేజీలకు కుదించుకుపోయింది. దేశం పేరు సరిగానే చూశారు గాని, దరఖాస్తు ఎక్కడికి వెళుతుందో చూడలేదు.

జర్మనీలో రెజ్యూమెను లేబెన్స్‌లౌఫ్ అంటారు; దాన్ని పట్టిక రూపంలో చక్కగా అమర్చారు. 2006 నాటి సమాన ఆదరణ చట్టం తరువాత ఫొటో పెట్టడం మన ఇష్టమేనని, అయినా చాలామంది ఇప్పటికీ పెడుతున్నారని సరిగానే చెప్పారు. కాని ఉద్యోగ కాలాలకు నెలలు లేకుండా సంవత్సరాలే వేయడంతో, నేను ఖాళీగా ఉన్న ఎనిమిది నెలలు కనబడకుండా పోయాయి; అలాంటి ఖాళీల గురించి అక్కడ తప్పక అడుగుతారు. పాత యజమానులిచ్చిన ధ్రువపత్రాలు జతచేయాలన్న సంగతి ప్రస్తావించనేలేదు.

జపాన్ ప్రతి అన్నిటికంటే నిరాశపరిచింది. అక్కడి రిరెకిషో అనేది నిర్ణీత గడులున్న ఫారం. చదువు, ఉద్యోగాలు పాతవాటి నుంచి కొత్తవాటికి వరుసగా రాయాలి, ఫొటో అతికించాలి, పని అనుభవాన్ని షొకుము కెయిరెకిషో అనే వేరే పత్రంలో వివరించాలి. ప్రభుత్వం 2021లో విడుదల చేసిన నమూనాలో స్త్రీ పురుష వివరం రాయడం ఐచ్ఛికమైంది, ప్రయాణ సమయం వంటి గడులు పోయాయి. నాకు అందింది మాత్రం అమెరికా రెజ్యూమెకు ఫొటో తగిలించిన కాగితం.

కేవలం ఐరోపా ఉద్యోగాలే చూస్తున్నవారు డబ్బు పెట్టేముందు, ఐరోపా సమాఖ్య 2005లో మొదలుపెట్టి 2020లో కొత్తగా తీర్చిదిద్దిన యూరోపాస్ అనే ఆన్‌లైన్ సేవను ప్రయత్నించడం మంచిది. అది ఉచితం. ఒకసారి వివరాలు నింపితే వేర్వేరు ఉద్యోగాలకు వేర్వేరు సీవీలు తీసుకోవచ్చు.

నేను ఫిర్యాదు చేయగానే సంస్థవారు పొరపాటు ఒప్పుకుని విశ్వవిద్యాలయపు ప్రతిని వారంలో సరిచేసి పంపారు. 14 వ్యాసాలూ తిరిగి చేరాయి. అయితే ఒక సదస్సు తేదీ అందులో 05/06/2019 అనే ఉంది. నేను ప్రసంగించింది జూన్ 5న; అమెరికాలో చదివేవారికి అది మే 6. నెల పేరు అక్షరాల్లో రాయండని వారికి మళ్ళీ ఉత్తరం పెట్టాను.