ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఓసిమర్టినిబ్ 80 మిల్లీగ్రాముల మాత్ర: 76 ఏళ్ల మా అమ్మకు 14 నెలల వాడకం

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండిందే తప్ప, పొగాకు ముట్టిన మనిషి కాదు. అందుకే దగ్గు, ఆయాసం ఎంతకీ తగ్గకపోయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ కావచ్చని మాలో ఎవరికీ తట్టలేదు. మొదట చూపించిన చోట కఫం పరీక్ష కూడా చేయకుండా, ఎక్స్‌రే చూసి క్షయ అని మందులు మొదలుపెట్టారు. రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. చివరకు ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి, ముక్క పరీక్ష చేస్తే అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అనీ, నాలుగో దశ అనీ తేలింది.

ఈ వయసులో కీమో ఎందుకు, ఇంట్లో పెట్టుకుని చూసుకోండి అన్నారు బంధువులు. మేము కలిసిన క్యాన్సర్ వైద్యురాలు మాత్రం వయసు సంగతి పక్కనపెట్టి ముందు జన్యు పరీక్ష రాశారు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో కొన్ని రకాల మార్పులు ఉంటే, కణాన్ని పెరగమనే సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుంది. ఓసిమర్టినిబ్ ఆ సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ మార్పు లేనివారికి ఈ కోవ మందులు ఇవ్వడం చేజేతులా నష్టం తెచ్చుకోవడమే. 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనంలో, పాత మందైన జెఫిటినిబ్ మార్పు ఉన్నవారిలో కీమోను మించింది, లేనివారిలో కీమో కంటే బాగా వెనకబడింది. రిపోర్టు కోసం 12 రోజులు ఆగడం మాకు నరకమే అయినా, ఆగడమే సరైన పని. అమ్మకు ఎక్సాన్ 19 డిలీషన్, అంటే ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక చిన్న ముక్క లేకపోవడం, ఉందని వచ్చింది. ఈ మాత్ర పనిచేసే మార్పుల్లో అదొకటి.

రోజుకు ఒకే మాత్ర, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. మూడో వారానికి, అంతవరకూ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయిన అమ్మ, వెల్లకిలా పడుకోగలిగింది. రెండో నెల స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. మింగడం కష్టమైన రోజుల్లో మాత్రను 60 మిల్లీలీటర్ల మామూలు నీటిలో వేసి కలిపి వెంటనే తాగించి, గ్లాసు కడిగిన నీళ్లు కూడా తాగించాము, మాత్రను నూరకూడదు. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక ఇబ్బందులు. మొదటి నెల విరేచనాలు, తరువాత చర్మం పొడిబారి దురద, నాలుగో నెలలో రెండు బొటనవేళ్లకూ గోరుచుట్టు. పచ్చడి కలుపుకున్న అన్నం తాకితే మంట భరించలేక ఆమె నెల రోజులు చెంచాతో తిన్నది. వయసు పైబడినవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఓర్చుకుందాంలే అనుకోకుండా చెప్పాలి. అవసరమైతే వైద్యులు కొన్నాళ్లు ఆపుతారు, లేదా 40 మిల్లీగ్రాములకు తగ్గిస్తారు. గుండెకు ఈసీజీ, ఎకో తప్పవు. ఉన్నట్టుండి ఆయాసం పెరిగితే అది జబ్బు వల్లనే కానక్కరలేదు, మందు వల్ల ఊపిరితిత్తులలో వచ్చిన వాపు కూడా కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మాలాగా క్షయ మందులు వాడి వచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పండి. వాటిలోని రిఫాంపిసిన్ ఒంట్లో ఈ మాత్ర మోతాదును బాగా పడగొడుతుంది.

ధర విషయంలో మాత్రం నాకు బాధ ఉంది. 2024 జూలై బడ్జెట్‌లో దీనిపై కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు, ఆ ఏడాదే జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. అయినా మధ్యతరగతి ఇంటికి ఇది మోయలేని బరువే. కొనలేనివారికి జెఫిటినిబ్ చాలా తక్కువలో దొరుకుతుంది, హైదరాబాదు కంపెనీ నాట్కో కూడా దాన్ని తయారుచేస్తుంది. ఈ మందులను పోల్చి చూసిన ఫ్లారా అధ్యయనంలో జబ్బు మళ్లీ పెరిగేవరకు పట్టిన మధ్యస్థ కాలం ఓసిమర్టినిబ్‌తో 18.9 నెలలు, జెఫిటినిబ్ లేదా అదే కోవకు చెందిన మరో పాత మందు ఎర్లోటినిబ్‌తో 10.2 నెలలు. పైగా ఓసిమర్టినిబ్ మెదడులోకి మెరుగ్గా చేరుతుంది. తేడా పెద్దదే, కానీ అప్పుల పాలై నాలుగు నెలలకే ఆపేయడం కంటే పాత మందును క్రమంగా వాడటం మేలని నా అభిప్రాయం.

ఈ మాత్ర జబ్బును పూర్తిగా నయం చేయదు. ఎప్పుడో ఒకప్పుడు కణాలు వేరే దారి వెతుక్కుంటాయని, అప్పుడు మళ్లీ పరీక్షలు చేసి మందు మార్చాల్సి ఉంటుందని వైద్యురాలు మొదటి రోజే, అమ్మ వింటుండగానే చెప్పారు. మొన్నటి స్కాన్‌లో పెరుగుదల లేదు. తరువాతి స్కాన్ సంక్రాంతి అయ్యాక.