డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్: వరుసగా చదవకూడని మంచి పాఠ్యపుస్తకం

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో బీటెక్, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవారిలో చాలామంది డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ వ్యవస్థలు) పేపరును గైడుతోనో, సీనియర్లు ఇచ్చిన జిరాక్స్ నోట్సుతోనో గట్టెక్కిస్తారు. అయితే మూడో నార్మల్ ఫామ్ (పట్టికలో అనవసర పునరావృతాన్ని తగ్గించే నియమం) నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పినవారే, ఇంటర్వ్యూలో ఒక పట్టికను ముందుపెట్టి దీన్ని ఎందుకు విడగొట్టాలని అడిగితే ఆగిపోతారు. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ రాసిన ఈ పుస్తకం ఆ లోటును తీరుస్తుంది, కానీ మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ పోయేవారికి కాదు. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం కాబట్టి అలా మొదలుపెట్టినవారు సగానికి రాకముందే పక్కన పెట్టేస్తారు.

తొలి ముద్రణ 1986లో, ఏడో ముద్రణ 2019లో వచ్చాయి. ముగ్గురు రచయితల్లో సుదర్శన్ ఐఐటీ బొంబాయిలో ఆచార్యులు. పాత ముద్రణల్లో ఉదాహరణలన్నీ ఒక బ్యాంకు చుట్టూ తిరిగేవి. ఆరో ముద్రణ నుంచి వాటి స్థానంలో ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. అధ్యాపకులు, విభాగాలు, కోర్సులు, విద్యార్థులు అనే కొద్దిపాటి పట్టికలనే పుస్తకమంతటా వాడటం వల్ల మూడో అధ్యాయానికి వచ్చేసరికే కంప్యూటర్ సైన్సులో శ్రీనివాసన్ జీతం 65,000 అనీ, సంగీత విభాగంలో మొజార్ట్‌కు 40,000 మాత్రమే ఇస్తున్నారనీ పాఠకుడికి కంఠతా వచ్చేస్తుంది. మొజార్ట్‌కు అందరికంటే తక్కువ జీతం రాయడం రచయితల చమత్కారమే అయి ఉండాలి. డేటా అంతగా పరిచయమైపోయాక దృష్టి అంతా ప్రశ్న మీదే నిలుస్తుంది. ఉదాహరణకు విద్యార్థుల పట్టికనూ, వారు తీసుకున్న కోర్సుల పట్టికనూ, కోర్సుల వివరాల పట్టికనూ నేచురల్ జాయిన్‌తో, అంటే ఒకే పేరున్న కాలమ్‌లన్నిటిలో విలువలు సరిపోయిన వరుసలనే జతచేసే పద్ధతితో కలిపితే, తన విభాగానిది కాని కోర్సు తీసుకున్న విద్యార్థి వరుస చప్పుడు లేకుండా మాయమవుతుంది. విభాగం పేరు అనే కాలమ్ విద్యార్థుల పట్టికలోనూ కోర్సుల పట్టికలోనూ ఉండటమే అందుకు కారణం. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్ దోషమేదీ చూపకుండా తప్పు జవాబు ఇచ్చే ఇటువంటి సందర్భాలను పుస్తకం ఎత్తిచూపినంత స్పష్టంగా గైడులు చూపవు.

ఈ పుస్తకంలో అన్నిటికంటే విలువైనది ఏడో అధ్యాయం, అంటే పునరావృతం లేకుండా పట్టికలను విడగొట్టే నార్మలైజేషన్ (ఇక్కడి అధ్యాయ సంఖ్యలు ఏడో ముద్రణవి). అధ్యాపకుల పట్టికనూ విభాగాల పట్టికనూ ఒక్కటి చేస్తే విభాగం బడ్జెట్ ప్రతి అధ్యాపకుడి వరుసలోనూ మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తుందని చూపి, అక్కడి నుంచి నిర్వచనాల్లోకి తీసుకెళతారు. మన ప్రాంతపు విద్యార్థికి ఇదే సంగతిని మన జిల్లాలతో చెబితే ఇంకా త్వరగా పట్టుబడుతుంది. ఒక కాలేజీ అడ్మిషన్ పట్టికలో విద్యార్థి నంబరు, పేరు, మండలం, జిల్లా ఉన్నాయనుకుందాం. నంబరును బట్టి మండలం, మండలాన్ని బట్టి జిల్లా తెలుస్తాయి. 2016 అక్టోబరులో ఉమ్మడి నల్లగొండ జిల్లా మూడుగా విడిపోయి కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లినప్పుడు, కోదాడ నుంచి చేరిన ప్రతి విద్యార్థి వరుసలోనూ జిల్లా పేరు మార్చాల్సి వచ్చేది. ఒక్క వరుస మరిచినా ఒకే మండలం రెండు జిల్లాల్లో ఉన్నట్టు కనిపించేది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా మహబూబ్‌నగర్ నుంచి విడిపడినప్పుడు మళ్లీ అదే పని పడేది. మండలం, జిల్లా వేరే పట్టికలో ఉంటే మండలానికి ఒక్క వరుస మారిస్తే సరిపోతుంది. విద్యార్థులెవరూ చేరని మండలాన్ని నమోదు చేయడానికి కూడా అప్పుడు చోటు దొరుకుతుంది.

అలాగని ఎలా పడితే అలా విడగొడితే సమాచారం పోతుందన్న హెచ్చరిక కూడా అదే అధ్యాయంలో ఉంది. పేరు ఆధారంగా రెండు ముక్కలు చేసి మళ్లీ కలిపితే, కిమ్ అనే పేరున్న ఇద్దరి చిరునామాలూ జీతాలూ కలగాపులగమవుతాయని చూపుతారు. ఒకే సెక్షనులో ఇద్దరు ముగ్గురు సాయికుమార్‌లు ఉండే మన క్లాసుల్లో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. ఆ తర్వాత, ఏ కాలమ్‌ను బట్టి ఏవి తెలుస్తాయో లెక్కకట్టే క్లోజర్, ఆ నియమాలను కుదించే కెనానికల్ కవర్ అల్గారిథమ్‌ల భాగం మాత్రం పొడిగా సాగుతుంది. కాగితం, పెన్ను లేకుండా చదివితే ఒక్క ముక్క కూడా నిలవదు.

పద్నాలుగో అధ్యాయంలో ఇండెక్సింగ్‌ను, అంటే కావలసిన వరుసను త్వరగా వెతికే ఏర్పాటును లెక్కకట్టి చూపడం నాకు నచ్చింది. ఇండెక్సు చెట్టులోని 4 కిలోబైట్ల నోడులో (ఒకేసారి చదివే ముక్కలో) 32 బైట్ల కీ (వెతికే విలువ), 8 బైట్ల పాయింటర్ (తర్వాతి నోడు చిరునామా) పెడితే దాదాపు వంద జతలు పడతాయి. అందుకే పది లక్షల కీలున్న బీ ప్లస్ ట్రీలో (ఒక్కో నోడు నుంచి అనేక కొమ్మలు చీలే చెట్టులో) వెతకడానికి, నోడులు సగమే నిండి ఉన్నా, నాలుగు నోడులు చదివితే చాలు. అదే రెండేసి కొమ్మలే ఉండే బైనరీ ట్రీ అయితే ఇరవై వరకూ చదవాలి. ట్రాన్సాక్షన్ల (పూర్తిగా జరగాల్సిన, లేదంటే అసలు జరగకూడని పనుల) అధ్యాయమూ ఇదే పద్ధతిలో నడుస్తుంది. 1,000 ఉన్న ఖాతా నుంచి 2,000 ఉన్న మరో ఖాతాకు ఒకరు 50 పంపుతుండగా, మరొకరు మొదటి ఖాతా నిల్వలో పది శాతం పంపుతారు. ఈ రెంటి మెట్లను ఒక తీరులో కలగలిపితే చివరికి 950, 2,100 మిగిలి, లేని 50 పుట్టుకొస్తుంది. పనులు కలగలిసి నడిచినా ఫలితం ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఉండాలన్న సీరియలైజబిలిటీ ఎందుకు కావాలో ఈ ఒక్క లెక్కతో తేటతెల్లమవుతుంది.

లోపాలు లేకపోలేదు. ఈఆర్ రేఖాచిత్రాల్లో (డేటాలోని అంశాలనూ వాటి సంబంధాలనూ చూపే బొమ్మల్లో) పేరు, జీతం వంటి లక్షణాలను పెట్టె లోపలే రాస్తారు, కానీ మన పరీక్షల్లో అండాకారాలు గీయడమే ఇంకా అలవాటు. అధ్యాయం చివర ఇతర పద్ధతులను చూపినా, రెండూ సాధన చేయక తప్పదు. ఒకదానికి అనేకం ఉండే సంబంధంలో బాణం గుర్తు ‘ఒకటి’ వైపు చూపుతుందన్నది కూడా మొదట్లోనే గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. క్వెరీ ఆప్టిమైజేషన్ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను తక్కువ ఖర్చుతో నడిపే దారి వెతకడం) అధ్యాయం తొలిసారి చదివేవారికి బరువైనది, బిగ్ డేటా అధ్యాయాన్ని ఈ దశలో దాటేసినా నష్టం లేదు. నా మాట వింటే ముందు రెండు నుంచి నాలుగు అధ్యాయాలు, తర్వాత ఆరు, ఏడు, ఆపైన పద్నాలుగు, పదిహేడు చదవాలి. పుస్తకం వెబ్‌సైటులో విశ్వవిద్యాలయం పట్టికల డేటా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకుని ప్రతి క్వెరీనీ నడిపి చూడాలి.

ఏ ముద్రణ కొనాలన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) సిలబస్‌లో ఉన్న ట్యూపుల్ కాలిక్యులస్ (క్వెరీలను తర్కసూత్రాలుగా రాసే పద్ధతి) 2010 నాటి ఆరో ముద్రణలో అచ్చులోనే ఉంది, ఏడో ముద్రణలో మాత్రం ఆన్‌లైన్ అధ్యాయంగా మారింది. డిగ్రీ, గేట్ అవసరాలకు హైదరాబాద్ కోఠీలో పాత పుస్తకాల దుకాణాల్లో ఆరో ముద్రణ దొరికితే నిశ్చింతగా కొనవచ్చు. బ్యాంకు ఉదాహరణలున్న ఐదో ముద్రణను చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు, వెబ్‌సైటులోని డేటా దానికి సరిపోదు. ప్రాక్టీస్ ఎక్సర్‌సైజులకు జవాబులు అదే వెబ్‌సైటులో ఉన్నాయి. మిగిలిన ఎక్సర్‌సైజుల జవాబులు అధ్యాపకులకే ఇస్తారు.