"నార్వే రైలు టూర్" అని డబ్బు కట్టబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

నిన్న రాత్రే వైజాగ్ దిగాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. కోపం చల్లారాక రాద్దామనుకుంటే మా ఆవిడ "చల్లారితే మీరు రాయరు, ఇప్పుడే రాయండి" అంది. అందుకని రాస్తున్నాను. మాట కాస్త తూలితే సర్దుకోండి.

ఏ టూర్ కంపెనీయో పేరు రాయను. ఫోన్ తెరిస్తే చాలు, మంచు కొండల మధ్య ఆకుపచ్చ రైలు పోతున్న వీడియో వస్తుంది కదా, కింద "స్కాండినేవియా మొత్తం రైల్లో, తెలుగు భోజనంతో" అని ఉంటుంది, ఆ మహానుభావులే. మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

నేను వాల్తేరు డివిజన్‌లో టీటీఈగా చేసి రిటైరైన వాణ్ణి. కొత్తవలస-కిరండూల్ లైన్లో తిరిగే రోజుల్లో శిమిలిగూడ వచ్చిందంటే 996 మీటర్ల ఎత్తు అని ప్రయాణికులకు గొప్పగా చెప్పేవాణ్ణి. నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్ పోయే లైన్లో ఫిన్సె అనే స్టేషన్ 1222 మీటర్ల మీద ఉందనీ, 1909లోనే ఆ లైను పూర్తి చేశారనీ చదివినప్పటి నుంచి నాకదో పిచ్చి. ఆ ప్లాట్‌ఫాం మీద ఒక్కసారి దిగి నిలబడాలి, అంతే. రిటైరయ్యాక పిల్లలు వెళ్ళమన్నారు, గ్రాట్యుటీ డబ్బుంది, మనిషికి మూడు లక్షల పైచిలుకు కట్టాం. వీసా వాళ్ళే చూశారు, ఆ ఒక్కటీ బాగానే చేశారు.

డబ్బు కట్టేదాకా ఆఫీసు కుర్రాడు "అంకుల్, అంకుల్" అంటూ చంపేశాడు. "ఓస్లో టు బెర్గెన్ ట్రైనేనా బాబూ?" అని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "హండ్రెడ్ పర్సెంట్ ట్రైనే అంకుల్, మీరు రైల్వే కదా, మీకు విండో సీటు నేనే చూస్తాను." ఆ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది. రాతలో పెట్టినవన్నీ తర్వాత డిలీట్ చేశాడు, దీని సంగతి మర్చిపోయినట్టున్నాడు.

కోపెన్‌హాగెన్‌లో టూర్ మొదలు. అక్కడి నుంచి స్వీడన్‌లోని మాల్మోకి సముద్రం మీద వంతెన ఉంది, ఓరెసుండ్ వంతెన, 2000లో తెరిచింది. రైలు కింది అంతస్తులో పోతుంది, కార్లూ బస్సులూ పైన. స్టేషన్‌కి తీసుకెళ్తారనుకుంటే హోటల్ ముందు బస్సు ఆగింది. "లగేజీ ఎక్కువుంది సార్, పెద్దవాళ్ళున్నారు, ఇదొక్కటీ బస్సు" అన్నాడు టూర్ మేనేజర్. సరే, కాసేపటి ముచ్చటేగా అని ఊరుకున్నాను. స్టాక్‌హోమ్ దాకా అదే బస్సు. స్టాక్‌హోమ్ నుంచి ఓస్లోకి మళ్ళీ అదే బస్సు. అడిగితే "ట్రాక్ రిపేరు" అన్నాడు. వేసవిలో ఆ దేశాల్లో ట్రాక్ పనులు చేస్తారు, రైలు బదులు బస్సులు పెడతారు, అది నిజమే. రైల్వేవాణ్ణి కాబట్టి అదీ నమ్మాను.

ఓస్లోలో హోటల్ సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర. పొద్దున్నే లేచి నేనొక్కణ్ణే నడుచుకుంటూ వెళ్ళాను, ఊరికే బోర్డు చూద్దామని. బెర్గెన్ రైలు బోర్డు మీద ఉంది. రద్దూ లేదు, లేటూ లేదు. జనం పెట్టెలు లాక్కుంటూ ఎక్కుతున్నారు. పాతికేళ్ళ పిల్లాడిలా పరుగెత్తుకుంటూ హోటల్‌కి వచ్చాను, ఆవిణ్ణి తొందరపెట్టాలని. వచ్చి చూద్దును కదా, గుమ్మంలో బస్సు.

"బాబూ, రైలు నడుస్తోంది కదా. ఇప్పుడే చూసి వస్తున్నాను" అన్నాను.

వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "టికెట్లు లేవు సార్. బస్సే."

"లేవు అంటే? దొరకలేదా, కొనలేదా?"

అప్పుడు తలెత్తాడు. మిగతా వాళ్ళందరూ ఇడ్లీ ప్యాకెట్లు పట్టుకుని లాబీలోనే ఉన్నారు. అందరికీ వినబడేలా అన్నాడు: "సార్, మీరు టీసీయే కదా? జీవితమంతా రైల్లోనే తిరిగారు కదా? ఇంకా మోజు తీరలేదా? రైలెక్కడానికి నార్వే దాకా రావాలా, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరిపోయేది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వినవాళ్ళ మీద నాకు కోపం లేదు, పొద్దున్నే ఏదో ఒక జోకు కావాలి మనుషులకి. కానీ మా ఆవిడ ముఖం చూశాను. నలభై మందిలో నా కలని నవ్వులాట చేశాడని ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నా చేతిలో ఇడ్లీ ప్యాకెట్ ఉండకపోతే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు.

నేను వదల్లేదు. ఐటినరరీ తీసి చూపించాను. "ఫిన్సె మీదుగా" అని వాళ్ళే అచ్చు వేసుకున్నారు, ఫొటోతో సహా. దానికి వాడి జవాబు: "బస్సులోంచి కూడా అదే సీనరీ సార్, సేమ్ కొండలు."

ఫిన్సెకి రోడ్డే లేదు మహాప్రభో! నార్వేలో అందరికీ తెలిసిన సంగతి అది. రైల్లో అయినా వెళ్ళాలి, లేదంటే నడిచో సైకిల్ మీదో మంచులో స్కీలు కట్టుకునో వెళ్ళాలి. బస్సు పోయే దారే లేని ఊరిని బస్సులోంచి చూపిస్తానన్నాడు ఈ ఘనుడు. ఆ మాట అంటే "మీరొక్కరే ప్రాబ్లమ్ సార్, గ్రూప్ అంతా హ్యాపీగా ఉంది. కావాలంటే సంతకం పెట్టి విడిగా వెళ్ళండి, ఇక మీ బాధ్యత మాకు లేదు" అన్నాడు. మందుల సంచీ, ఆవిడ మోకాళ్ళు, భాష తెలియని దేశం. బస్సెక్కాను.

ఎక్కి ఏం చూశామో చెప్పనా? సొరంగం. ఓస్లో నుంచి బెర్గెన్ దారిలోని ఫ్లోమ్‌కి రోడ్డు మీద పోతే లార్డాల్ సొరంగం తగులుతుంది, ఇరవై నాలుగున్నర కిలోమీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైన రోడ్డు సొరంగం. డ్రైవర్లకి నిద్ర పట్టకుండా మధ్యమధ్యలో గుహలాగా తవ్వి నీలం లైట్లు పెట్టారు. ఇంజనీరింగ్‌కి దండం పెట్టాల్సిందే, మాట రాకూడదు. కానీ ఆ రైలు పోయే హార్దంగర్ పీఠభూమి మీద మంచు చూడ్డానికి మూడు లక్షలు కట్టి చీకట్లో నీలం లైట్లు లెక్కపెట్టుకున్నాను. విండో సీటే లెండి. ఆ మాట మాత్రం కుర్రాడు నిలబెట్టుకున్నాడు.

ఇక ఫ్లోమ్. సముద్రపు పాయ ఒడ్డున స్టేషన్, అక్కడి నుంచి కొండ మీది మిర్డాల్‌కి రైలు. ఇరవై కిలోమీటర్లలో 860 మీటర్ల పైన ఎక్కుతుంది. పద్దెనిమిదికి ఒకటి వాలు, అంటే పద్దెనిమిది మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కుతుంది! మన ముంబై-పుణె లైన్లో భోర్ ఘాట్‌ దగ్గర ముప్పై ఏడుకి ఒకటి అంటేనే వెనకాల బ్యాంకర్ ఇంజన్లు పెట్టి తోస్తాం, రైల్వేవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. ఇది కూడా ప్యాకేజీలో ఉందనే చెప్పారు. అక్కడ దిగాక "ఆప్షనల్" అయింది. సరే, చేతి డబ్బు పెట్టుకుంటానని కౌంటర్ దగ్గరకు వెళ్తే, రేవులో క్రూయిజ్ షిప్పు ఆగి ఉంది, సాయంత్రం దాకా సీట్లు నిండిపోయాయి. మేనేజర్ గారు ఉదారంగా సలహా ఇచ్చారు: "పక్కనే రైల్వే మ్యూజియం ఉంది సార్, టికెట్ లేదు, అది చూడండి." చూశాం. బయట అసలు రైలు కూత వేసి కదులుతుంటే లోపల పాత ఫొటోలు చూశాం.

ఇవాళ పొద్దున ఆఫీసుకి ఫోన్ చేశాను. అంకుల్ అన్న కుర్రాడు లేడట. ఎవరో మేడమ్ మాట్లాడింది. ఐటినరరీ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో "రైలు లేదా ఇతర ఉపరితల రవాణా" అని ఉందట, దాని కింద నా సంతకం ఉందట. ఉంది. ముప్పావు జీవితం జనాన్ని "టికెట్ చూపించండి" అని అడిగినవాణ్ణి, నా టికెట్ ఎక్కడని అడగలేదు. నవ్వుకోండి. రిఫండ్ కుదరదు కానీ స్విట్జర్లాండ్ టూర్‌కి వస్తే పదివేలు తగ్గిస్తుందట. అందులో కూడా రైళ్ళున్నాయట!

ఇంకోటి. టీసీఎస్ అని, విదేశీ టూర్ మీద ముందే వసూలు చేసే పన్ను, వేరే కట్టించుకున్నారు. ఫిబ్రవరిలోనే కట్టాను, నా పేర జమైన పన్నుల లెక్క చూపే 26ఏఎస్‌లో ఇప్పటికీ పడలేదు. పాన్ నంబర్ తప్పు పడిందేమో చూస్తామంది ఆ మేడమ్. చూస్తారు, చూస్తారు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. వాయిస్ మెసేజ్, ఐటినరరీ, బోర్డు ఫొటో అన్నీ జత చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. రైలు టూర్ అంటే మీ పేరు మీద రైలు టికెట్ పీడీఎఫ్ అడగండి, తేదీ, సీటు నంబరుతో. "తర్వాత పంపుతాం" అంటే కొనలేదనే. నార్వే రైళ్ళ టికెట్లు ఎన్‌టుర్ అనే యాప్‌లో ఇంట్లో కూర్చుని మనమే కొనుక్కోవచ్చు, ముందుగా కొంటే చవక. పాస్ కావాలంటే ఇండియాలో ఉండేవాళ్ళకి యూరైల్, ఇంటర్‌రైల్ కాదు, అది యూరప్‌లో ఉండేవాళ్ళకి. పాస్ ఉన్నా దూరపు రైళ్ళలో చాలావాటికి సీటు వేరుగా బుక్ చేసుకోవాలి, ఫ్లోమ్ రైలుకి పాస్‌తో తగ్గింపు మాత్రమే వస్తుంది. లగేజీ తక్కువ పెట్టుకుని పిల్లల చేత బుక్ చేయించుకుంటే ఈ పెద్దమనుషుల అవసరమే లేదు.

ఆగస్టులో వాళ్ళ ఇంకో బ్యాచ్ వెళ్తోంది. అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఇక్కడ ఉంటే బ్యాలెన్స్ కట్టకుండా ముందు ఓస్లో-బెర్గెన్ టికెట్ అడగండి. వాళ్ళేం చెప్పారో కింద రాయండి, ఫిర్యాదులో కలుపుతాను.