నాలుగు పంటలు చూసిన పత్తి తీత యంత్రం, దాని మూత

చేత్తో పట్టుకునే పత్తి తీత యంత్రాల గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. బ్యాటరీని నడుముకు కట్టుకోవడం, పళ్ళ రోలర్లున్న నోటిని పగిలిన కాయకు ఆనించడం, పత్తి వెనుక సంచిలో పడడం, ఇవన్నీ పత్తి వేసే వారు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నేను రాయదలచుకున్నది నా యంత్రానికి మా పక్క ఊరి రైతు ఒకరు అమర్చిన మూత గురించి. అరచేయంత కూడా లేని ఆ మూతే గనక లేకపోతే, విజయనగరం జిల్లా రామభద్రపురం మండలంలోని మా రెండున్నర ఎకరాల మెట్టలో నేను రెండో ఏడే పత్తి మానుకుని మొక్కజొన్నకు మారిపోయి ఉండేవాడిని.

2022 చివర్లో పట్టణంలో ఆ యంత్రాన్ని కొన్నప్పుడు రోలర్ల మీది కప్పు నాలుగు మరమేకులతో బిగించి ఉండేది. మొదటి పదిహేను రోజులు నాకు అదొక విషయంగానే తోచలేదు. ధనుర్మాసంలో ఒక ఉదయం, కాయల మీద మంచు ఇంకా ఆరకముందే, మధ్యాహ్నానికల్లా నాలుగు సాళ్ళు ముగించాలన్న ఆత్రంతో నేనూ నా భార్యా చేలోకి దిగాము. పది నిమిషాలు గడిచేసరికి మోటారు చప్పుడు సన్నబడింది. తడిసిన దూది సంచిలోకి పోకుండా రోలరు చివర, బేరింగు పక్కన, కదురుకు నూలు చుట్టుకున్నట్టు చుట్టుకుంటోందని నాకు అప్పటికి తెలియదు. కాయ వదలడం లేదేమో అనుకుని నోటిని ఇంకా గట్టిగా అదిమాను. కాలిన వాసన వచ్చాక గాని చెయ్యి తీయలేదు.

స్క్రూ డ్రైవరు ఇంట్లో ఉంది. వెళ్ళి తెచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. విప్పిన మూడు మరమేకులను తువ్వాలు కొంగున కట్టుకున్నాను, నాలుగోది వేళ్ళ మధ్య నుంచి జారి ఎర్రమట్టిలో పడింది. సాయంత్రం నా భార్య ఇంటి నుంచి పిండి జల్లెడ తెచ్చి ఆ మొక్క చుట్టూ మట్టినంతా జల్లించింది. ఎండిన పూత, గులకరాళ్ళు, ఎప్పటిదో ఒక గాజు ముక్క దొరికాయి గాని మరమేకు దొరకలేదు. కప్పుకు కట్టుతీగ చుట్టి రెండు రోజులు నడిపించాక మోటారు పూర్తిగా కాలిపోయింది. బాగుచేయించి తిరిగి చేతికి తెచ్చుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా రెండో తీత కాయలు పూర్తిగా విచ్చుకుని, పత్తి తోకల్లా వేలాడి, గాలికి నేల రాలింది. మట్టి, ఎండుటాకు అంటిన పత్తికి ఏ ధర పలుకుతుందో పత్తి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పంట అయ్యాక యంత్రాన్ని మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ రైతు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఏడో తరగతితో చదువు ఆపి, చిన్నతనంలో కొంతకాలం సైకిలు దుకాణంలో పనిచేసి, ఇప్పుడు తన మూడెకరాలు సాగుచేసుకుంటూనే చుట్టుపక్కల వారి స్ప్రేయర్లు బాగుచేసే మనిషి. తన పేరు రాయవద్దని కోరాడు కాబట్టి రాయడం లేదు. మోటారు సంగతి చెబుతుంటే ఆపి, రోజుకు ఎన్నిసార్లు కప్పు విప్పవలసి వచ్చిందని అడిగాడు. నేను లెక్క పెట్టలేదన్నాను. "మరమేకు ఉన్నకాడ రైతు సెయ్యి ఆగిపోద్ది మావయ్యా. ఆగితే మిసను ఆగాల గాని సెయ్యి ఆగకూడదు" అన్నాడు.

నెల రోజుల తరువాత యంత్రం తిరిగి వచ్చింది. పీవీసీ పైపు ముక్కను మంట మీద మెత్తబరచి, వంచి మూత చేశాడు. సైకిలు చువ్వ ముక్క దాని బందుకు ఇరుసైంది, పాత సైకిలు ట్యూబు అంచు చుట్టూ దుమ్ము దూరకుండా పట్టీ అయింది, బాల్‌పెన్ను స్ప్రింగు గడియలో కుదురుకుంది. బొటనవేలితో గడియ నొక్కితే మూత పుస్తకంలా విచ్చుకుని రెండు రోలర్లూ కళ్ళ ముందుకు వస్తాయి. మూత లోపలి వైపున చిన్న గీకుడు రేకు ఒకటి తగిలించాడు. దాని అంచుకు సన్నని పళ్ళు కోయాలన్న ఆలోచన, పొందూరులో ఖాదీకి వాడే దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం చూసినప్పుడు వచ్చిందని చెప్పాడు. ఆ పళ్ళు దూదిని పట్టుకుంటాయి, పట్టుకున్నదాన్ని తేలికగా వదిలేస్తాయి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచింది మూత కింద దాచిన మీట. మూత తెరుచుకున్న క్షణంలోనే మోటారుకు కరెంటు ఆగిపోతుంది, మూత గడియ పడితే తప్ప రోలరు తిరగదు. గిన్నె సరిగా కూర్చోకపోతే తిరగని తన ఇంటి మిక్సీని చూసి ఈ ఏర్పాటు చేశాడట.

చుట్టుకునే ఈ జబ్బు మన చేలలో పుట్టినది కాదు. అమెరికాలో తొలినాటి పత్తి యంత్రాలకు ముళ్ళున్న కదుర్లు ఉండేవి, వాటిలో దూది చిక్కుకుని యంత్రమే ఆగిపోయేది. టెక్సాస్‌లో చిన్నతనంలో పత్తి ఏరి, తల్లిదండ్రులను పోగొట్టుకుని కూలిపనులు చేసుకుంటూ, ఉత్తరాల ద్వారా నడిచే కోర్సులో యంత్రాల పని నేర్చుకున్న జాన్ రస్ట్, తన అవ్వ రాట్నపు కదురును తడిచేసుకునేదన్న సంగతి గుర్తుకు తెచ్చుకుని, ముళ్ళు లేని నున్నని కదురును తడిపి చూశాడు. దూది దానికి అంటుకుని చుట్టుకుంది, తరువాత సులువుగా జారి ఊడివచ్చింది. ఆ యంత్రాన్నే రస్ట్ సోదరులు 1936లో మిసిసిపీ రాష్ట్రంలోని స్టోన్‌విల్‌లో నలుగురి ముందు నడిపి చూపించారు. ఈ కథ నేను చెప్పినప్పుడు మా రైతు చాలాసేపు రోలరునే చూస్తూ, "తడికి దూది అంటుకోడం ఆయనకి పనికొచ్చింది, మనకి జబ్బయింది. ఆయన సుట్టు ఊడొచ్చే సుట్టు, మనది బిగుసుకుపోయే సుట్టు" అన్నాడు. ఆ తేడా తెలుసుకున్న వాడు కాబట్టే, చుట్టుకోకుండా చేస్తానని మాట ఇవ్వకుండా, చుట్టుకున్నది వెంటనే తీసేసే దారి చూపించాడని నేను అనుకుంటున్నాను.

దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది 2023 డిసెంబరులో. మిచాంగ్ తుపాను వస్తోందని, మన జిల్లాల్లో కూడా వానలు పడతాయని కబురు అందేసరికి మా చేలో రెండో తీత మొదలే కాలేదు. కూలికి వచ్చే ఆడవాళ్ళు తమ కళ్ళాల మీదున్న ధాన్యం కాపాడుకునే తొందరలో ఉన్నారు, వాళ్ళను పిలవడానికి నాకు నోరు రాలేదు. నేనూ నా భార్యా మూడు రోజులు పొద్దు పొడిచింది మొదలు దీపాల వేళ దాకా ఒకరి తరువాత ఒకరం ఆ యంత్రం పట్టాము. ఒకరు యంత్రంతో తీస్తుంటే రెండోవారు చేత్తో ఏరేవారు. మబ్బు పట్టిన గాలిలో పత్తి పొడిగా లేదు, రోలరుకు అరగంటకోసారి చుట్టుకుంటూనే ఉంది. అయినా గడియ నొక్కి, రేకుతో రెండు గీతలు గీసి, మూత వేయడానికి అరనిమిషం మించి పట్టలేదు. మునుపటి కప్పుతో అయితే ఆ మూడు రోజుల్లో ఒక రోజు మరమేకుల దగ్గరే గడిచిపోయేది. రెండో రోజు సాయంత్రం అలసటలో నా భార్య యంత్రం ఆపడం మరచి, మూత తెరిచి వేళ్ళు లోపల పెట్టేసింది. రోలరు అప్పటికే ఆగిపోయి ఉంది. ఆమె వేళ్ళ మీద తెల్లని దూది తప్ప ఏమీ లేదు. ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసిన ఆ క్షణం ఇంకా నా కళ్ళముందే ఉంది. 5వ తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే నాటికి మా చేలో పగిలిన పత్తిలో ఎక్కువ భాగం ఇంటి వసారాలో ఉంది.

అయితే ఆ సంతోషంలో ఊళ్ళో నేను చెప్పిన కొన్ని మాటలను ఇప్పుడు సరిచేసుకోవాలి. ఈ యంత్రం ఇద్దరు ఆడకూలీల పని చేస్తుందని అప్పట్లో అందరితో అన్నాను. కాయలు నిండుగా, ఒకేసారి పగిలి ఉండే మొదటి తీతలో అది నిజం కాదు. రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి ఒలిచే నేర్పరి ముందు యంత్రం వెనకబడుతుంది. కాయలు అక్కడొకటి ఇక్కడొకటిగా మిగిలే మూడో తీతలో, డిప్ప మొనలు వేళ్ళలో గుచ్చుకునే రోజుల్లో, దాని ఉపయోగం కనబడుతుంది. రోలరు పళ్ళు పత్తితో పాటు ఎండిన ఆకుపొట్టును కూడా లాగుతాయి, ఆ విషయంలో మూత చేయగలిగినది ఏమీ లేదు. నేను ఇప్పటికీ సాయంత్రాలు వసారాలో కూర్చుని చెత్త ఏరుకుంటూనే ఉన్నాను.

మూత కూడా లోపం లేనిది కాదు. మూడో పంటలో సైకిలు చువ్వ ఇరుసు తుప్పు పట్టి, మూత ఒక పక్కకు వాలింది. గడియ పడినట్టే కనబడేది గాని మీట పూర్తిగా నొక్కుకునేది కాదు, కొమ్మ తగిలి చిన్న కుదుపు వచ్చినా మోటారు ఆగిపోయేది. మోటారే పోయిందనుకుని అరపూట పోగొట్టుకున్నాను. అతను వచ్చి ఇరుసుకు రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, అగ్గిపెట్టె అట్ట ముక్కను మీట కింద పెట్టి నడిపించాడు. ఆ అట్ట ముక్క ఆ పంట చివరి దాకా అలాగే ఉంది. ఎక్కువగా వాడేవారికి బందు ఇంకా గట్టిగా ఉండాలన్నది నా అభిప్రాయం.

తడి విషయంలో యంత్రం నాకు మరో మేలు చేసింది. మంచు ఉండగా మొదలుపెడితే చుట్టుకుంటుందని తెలిశాక, తొమ్మిదిన్నరకు ముందు చేలోకి దిగడం మానేశాను. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) వారు 8 శాతం తేమ వరకే పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 శాతం దాటితే కొనరు. పొడవు పింజ రకానికి 2025–26లో క్వింటాలుకు 8,110 రూపాయల ధర ఉన్నప్పుడు ఆ రెండు గంటలు ఆగడం నష్టమేమీ కాదు. ఇది మూత గొప్పతనం కాదని ఒప్పుకుంటాను. రోలరు నేర్పిన పాఠం తేమ మీటరు దగ్గర పనికి వచ్చింది, అంతే.

ఇలాంటిది కొనమని గాని, చేయించుకోమని గాని అందరికీ చెప్పలేను. మేమిద్దరమే ఇంట్లో ఉన్నాము, అబ్బాయి విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాడు, కూరగాయల కోతలు జోరుగా సాగే రోజుల్లో మా వైపు పత్తికి కూలీలు దొరకరు, నా కుడి భుజం మునుపటిలా ఎత్తనివ్వదు. ఆరెకరాలు, పది మంది కూలీలు ఉన్న రైతుకు ఈ యంత్రం వల్ల లాభం ఉంటుందని నేను అనుకోను. నాలాగా చిన్న కమతం ఉండి, చివరి తీతలు సొంతంగా చేసుకునే వారు మాత్రం, కొనే ముందు దుకాణంలో యంత్రాన్ని తిరగేసి, రోలర్ల కప్పు ఎలా తెరుచుకుంటుందో చూడాలి. మరమేకులు కనబడితే, దగ్గరలో ఇలాంటి పనివాడు ఎవరైనా ఉన్నాడేమో ముందే వాకబు చేసుకోవడం మంచిది.

నాలుగో పంట చివరి తీత సంక్రాంతి వెళ్ళాక ముగిసింది. సైకిలు చువ్వ తీసేసి ఇత్తడి ఇరుసు వేస్తానని అతను యంత్రాన్ని తీసుకువెళ్ళాడు. దసరా లోపు తెచ్చి ఇస్తానన్నాడు, ఈసారి గడియను ఎడమచేతి వాటానికి కూడా అందేలా మార్చమని నా భార్య కబురు పంపింది.