నిజం ఎముకలా, ప్లాస్టిక్ అస్థిపంజరమా?

బరంపురంలో ఎంబీబీఎస్‌లో చేరిన మా తమ్ముడికి మొదటి టెన్షన్ బోన్ సెట్ గురించే, అంటే శరీర నిర్మాణం చదువుకోవడానికి వాడే ఎముకల సెట్టు. సీనియర్ దగ్గర నిజం ఎముకలు కొనాలా, ప్లాస్టిక్‌వి తెచ్చుకోవాలా అని రోజూ ఫోన్.

ప్లాస్టిక్‌ది తేలిక, అంత సులువుగా విరగదు, ఏ ఎముక దేనికి అతుకుతుందో చప్పున తెలుస్తుంది. అంతకుమించి దానితో పెద్ద పని లేదు.

నిజం ఎముక సంగతి వేరు. తొడ ఎముక వెనక గరుకు గీత మీద వేలు రాస్తే కండరాలు ఎక్కడ పట్టుకుంటాయో చేతికే తెలుస్తుంది. రక్తనాళం దూరే సన్నటి రంధ్రం చవక అచ్చుల్లో పూడిపోయి ఉంటుంది, ఇందులో కళ్లకు కనిపిస్తుంది. కోసిన ముక్కలో బరువు పడే దిశలో అల్లుకున్న స్పాంజిలాంటి జాలీ కనిపిస్తుంది. పైగా ఏ ఇద్దరి ఎముకలూ ఒకేలా ఉండవు. ముక్కు పైభాగంలోని జల్లెడ ఎముక మాత్రం మహా పెళుసు, దానికి ప్లాస్టిక్కే నయం.

అయినా అవి ఒకప్పుడు ఒక మనిషివి. మానవ అస్థిపంజరాల ఎగుమతిని మన దేశం 1985లో నిషేధించింది. ఎక్కడివో తెలియని సెట్టు కొనొద్దనీ, అసలువి కాలేజీలోనే చూడమనీ, గదిలోకి ప్లాస్టిక్‌ది చాలనీ చెప్పాను. వాడు అద్దెకున్న ఇంటి పిన్నిగారు మాత్రం ఆ పుర్రె ప్లాస్టిక్‌దంటే ఇంకా నమ్మడం లేదు.